తాబేలుకు ఓటు లేదు, నిజమే

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పెదనాన్న ఆదివారం పొద్దున్నే కుటుంబం గ్రూపులో ఒక ఫార్వర్డ్ పెట్టారు. మధ్యాహ్నానికి అదే మెసేజ్ బెజవాడలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి, రాత్రికి ఆఫీసు గ్రూపులోకి వచ్చింది. అక్షరం మారలేదు, అచ్చుతప్పులతో సహా అదే. సారాంశం ఇది:

"తాబేలుకు ఓటుందా? బెజవాడకు, గుంటూరుకు సముద్రం ఉందా? మరి సముద్రం గొడవ మనకెందుకు? వేట ఆపి మత్స్యకారుల పొట్ట కొడుతున్నారు. ఒక్క తాబేలు వంద గుడ్లు పెడుతుంది, అంతరించిపోతోందన్నది అబద్ధం. మన రొయ్యలు కొనకుండా ఉండటానికి అమెరికా ఆడిస్తున్న నాటకం ఇది. సముద్రాన్ని కాపాడతానని చెప్పి గెలిచిన నాయకుడు ఒక్కడైనా ఉన్నాడా?"

పెదనాన్న మీద నాకు కోపం లేదు. ఏటా కూర్మ జయంతికి శుభాకాంక్షలు పంపేదీ ఆయనే. కానీ చదువుకున్నవాళ్ళు, ఉద్యోగాలు చేసినవాళ్ళు "కరెక్ట్‌గా చెప్పారు" అని కింద చేతులు జోడించిన బొమ్మలు పెడుతుంటే ఊరుకోబుద్ధి కాలేదు. ఒక్కో మాటా తీసుకుందాం.

"మనకు సముద్రం లేదు."

లేని మాట నిజమే, కానీ ఎప్పటి నుంచి? 2022 ఏప్రిల్ 4 నుంచి. ఆ రోజు జిల్లాలు 26 అయ్యాయి. అంతకుముందు రోజు దాకా సూర్యలంక, నిజాంపట్నం గుంటూరు జిల్లావే. బందరు, నాగాయలంక, హంసలదీవి కృష్ణా జిల్లావి, బెజవాడా ఆ జిల్లాదే. గెజిట్ ఒక్క రాత్రిలో రెండు ఊళ్ళకూ సముద్రం తీసేసింది. సముద్రానికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. గుంటూరు నుంచి సూర్యలంక ఇప్పటికీ అరవై కిలోమీటర్లే. ఆదివారం వస్తే బాపట్ల రోడ్డు మీద కార్లలో సగం మనవే.

మనం అక్కడికి వెళ్ళకపోయినా మన చెత్త వెళ్తుంది. నీళ్ళు కట్టేసిన ఎండాకాలంలో బందరు కాలువ వంతెన మీద నిలబడి ఒకసారి కిందికి చూడండి. అడుగున నల్లటి బురద. దానిలో సగం పూడుకుపోయిన థర్మాకోల్ ప్లేట్లు, క్యారీ బ్యాగులో ముడివేసి గుడి నుంచి తెచ్చి పారేసిన పూలదండలు, షాంపూ సాషేలు, ఒక చెప్పు. పూజ చేసిన పూలు చెత్తబుట్టలో వేస్తే పాపమని కాలువలో వేస్తాం, కవరు కూడా తియ్యం. బ్యారేజీ దగ్గర మళ్ళీ నీళ్ళు వదలగానే ఇదంతా కదులుతుంది. ఏలూరు కాలువ, రైవస్ కాలువ కథా ఇంతే. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు దిగువకు పోయాయి. ఆ నీటితో పాటు ఊరిలోంచి కొట్టుకుపోయిన సరుకు ఏ ఊళ్ళో ఆగిందనుకుంటున్నారు? దివిసీమ తర్వాత ఇక ఊళ్ళు లేవు, సముద్రమే.

అధికారం సంగతికి వద్దాం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా, అంటే సుమారు 22 కిలోమీటర్ల దాకా, చేపల వేట మీద చట్టం చేసే హక్కు రాష్ట్రానిది. ఆ పైన కేంద్రానిది. మనకు వర్తించే సముద్ర వేట నియంత్రణ చట్టం 1994లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభలో అయింది. 294 మంది ఉన్న ఆ సభలో ఆదిలాబాద్, నిజామాబాద్, అనంతపురం ఎమ్మెల్యేలూ సభ్యులే. సముద్రం లేనివాళ్ళకు దాని గొడవ అక్కర్లేదనుకుంటే ఆ చట్టమే వచ్చేది కాదు. ఇంకా దూరం వెళ్తే, తిమింగలాల వేట మీద నిర్ణయాలు చేసే అంతర్జాతీయ కమిషన్‌లో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, మంగోలియా సభ్య దేశాలు. ఈ మూడింటికీ చారెడు సముద్రం లేదు, ఓటు మాత్రం ఉంది.

"మత్స్యకారుల పొట్ట కొడుతున్నారు."

ఫార్వర్డ్ మొత్తంలో మనసును పట్టేది ఈ మాటే, ఎక్కువ తప్పుదోవ పట్టించేదీ ఇదే. అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. 2015కు ముందు నెలన్నరే ఉండేది. ఇది తాబేళ్ళ కోసం పెట్టింది కాదు. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి పెరిగే కాలమని పెట్టింది. ఆ రెండు నెలలు వదిలితే జూన్ తర్వాత వలలో పడేది మత్స్యకారుడికే. తాబేళ్ళ కోసమే అయితే నిషేధం జనవరిలో మొదలవ్వాలి, ఎందుకంటే అవి మన ఒడ్డుకు వచ్చేది ప్రధానంగా జనవరి నుంచి మార్చి దాకా. తాబేళ్ళ కోసం ప్రత్యేకంగా నిషేధం ఉన్నది ఒడిశాలో. ధమ్రా, దేవి, రుషికుల్య నదీముఖాల దగ్గర 20 కిలోమీటర్ల లోపు నవంబర్ 1 నుంచి మే 31 దాకా వేట ఉండదు. ఎవరో ఒడిశా వార్త చదివి దాన్ని మన తీరానికి అతికించినట్టున్నారు.

మన దగ్గర నిషేధ కాలానికి భృతి ఉంది. 2019కి ముందు 4,000 రూపాయలు. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వం 10,000 చేసింది. దాని తర్వాతి ప్రభుత్వం 2025లో 20,000 చేసింది. సముద్రం పేరుతో ఓట్లు రావు అంటున్నారు కదా, మరి రెండు ప్రభుత్వాలు పోటీపడి ఎందుకు పెంచినట్టు? అలాగని ఇది గొప్ప మొత్తమని నేను అనను. 61 రోజులకు భాగిస్తే రోజుకు 328 రూపాయలు. ఒక ఇంటికి. ఫార్వర్డ్ రాసినవాళ్ళు దీని మీద నాలుగు మాటలు రాసి ఉంటే నేనే ముందు షేర్ చేసేవాణ్ణి.

అసలు తగాదా వేరే చోట ఉంది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే వదలాలి, మరబోట్లు ఆ అవతలే వేట చెయ్యాలి. ఇది నియమం. మరబోటు లోపలికొచ్చి ట్రాల్ వల లాగితే అడుగున ఉన్నదంతా ఊడ్చుకుపోతుంది. చిన్న పడవ వాడి వలను కూడా చీల్చుకుపోతుంది. చిన్న మత్స్యకారులు ఏళ్ళ తరబడి అరుస్తున్నది ఈ గీత గురించే. గుడ్లు పెట్టడానికి వచ్చే ఆడ తాబేళ్ళు గుంపుగా తిరిగేది కూడా ఒడ్డుకు దగ్గరి నీళ్ళలోనే. తాబేలు చేప కాదు, గాలి కోసం పైకి రావాలి. గంటల తరబడి లాగే వలలో చిక్కితే ఊపిరాడక చచ్చిపోతుంది. కాబట్టి ఆ 8 కిలోమీటర్ల గీతను గట్టిగా అమలు చేస్తే బతికేది ఇద్దరు: చిన్న పడవ మీద వెళ్ళేవాడు, తాబేలు. వాళ్ళిద్దరికీ పోట్లాట పెట్టి, మధ్యలో ఉన్న మరబోటును ఈ మెసేజ్ ఎంత బాగా మాయం చేసిందో చూడండి.

మరబోట్లను కూడా మూసెయ్యక్కర్లేదు. ట్రాల్ వలలో ఇనుప చట్రం ఒకటి బిగిస్తారు, టెడ్ అంటారు. రొయ్యలు, చిన్న చేపలు కమ్మీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు కమ్మీలకు తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపడే నమూనా ఎప్పుడో తయారు చేసింది. తాబేలుతో పాటు కొంత చేప కూడా పోతుందని బోటు యజమానుల భయం. ఆ భయంలో న్యాయం ఉంది. ఆ నష్టాన్ని ప్రభుత్వం భరించాలి. గుజరాత్‌లో అలాగే చేశారు. వలలో తిమింగల సొర పడితే వల కోసి వదిలేసిన మత్స్యకారుడికి అక్కడి ప్రభుత్వం వల ఖరీదు పరిహారంగా ఇస్తుంది. ఒకప్పుడు వాటిని వేటాడిన ఊళ్ళవాళ్ళే ఇప్పటికి వందల సొరలను వదిలారు.

"ఒక్క తాబేలు వంద గుడ్లు పెడుతుంది."

పెడుతుంది. సుమారుగా అంతే. ఒక మిరపకాయలో ఎన్ని గింజలుంటాయో గుంటూరువాళ్ళకు నేను చెప్పాలా? 2021లో నల్లతామర పురుగు తోటల మీద పడినప్పుడు "కాయకు ఇన్ని గింజలున్నాయిలే" అని ఏ రైతైనా నిద్రపోయాడా?

రెండేళ్ళ కింద మార్చిలో ఒక తెల్లవారుజామున, తాబేలు గుడ్లు ఏరి కాపాడేవాళ్ళతో కలిసి సూర్యలంక ఇసుకలో నడిచాను. ముందు కనిపించింది జాడ. ట్రాక్టర్ చక్రం ఒక్కటే నీళ్ళలోంచి వచ్చి మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళినట్టు ఉంటుంది. జాడ చివర తవ్వేసిన గుంట, చుట్టూ ముడుచుకుపోయిన తెల్లటి పెంకులు. కుక్కలు మాకంటే ముందే వచ్చాయి. పింగ్‌పాంగ్ బంతంత గుడ్లవి, పెంకు గట్టిగా ఉండదు, తోలులా ఉంటుంది. కుక్కలకు దొరకనివాటిని ఏరి, వల కట్టిన దడి లోపల మళ్ళీ గుంట తీసి పూడుస్తారు. ఒక్కో గుంట దగ్గర పుల్ల పాతి, తేదీ, గుడ్ల లెక్క రాసిన అట్ట కడతారు. 45 నుంచి 60 రోజులకు పిల్లలు వస్తాయి. అరచేతిలో నాలుగైదు పడతాయి. వెలుతురున్న వైపు నడవడం వాటికి పుట్టుకతో వచ్చిన తెలివి. ఒకప్పుడు రాత్రిపూట వెలిగేది సముద్రమే. ఇప్పుడు రిసార్టు లైట్లు వెలుగుతాయి, కొన్ని అటు నడుస్తాయి.

వెయ్యి పిల్లల్లో ఒకటి పెద్దదవుతుందని సాధారణంగా చెబుతారు. ఆ ఒక్కటీ గుడ్లు పెట్టే వయసుకు రావాలంటే పదేళ్ళు దాటాలి. వలలో చచ్చేది సరిగ్గా ఆ ఒక్కటే. ఇక ఇసుక వేడెక్కేకొద్దీ పుట్టేవన్నీ ఆడవే అవుతాయన్నది మరో బెంగ. ఒడిశాలో 2025లో ఒక్క రుషికుల్య తీరానికే ఆరున్నర లక్షలకు పైగా తాబేళ్ళు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. దశాబ్దాలుగా కాపలా ఉన్న చోటికి వచ్చాయి. 1980ల నుంచి కోస్ట్ గార్డ్ పడవలు అక్కడ కాపలా కాస్తున్నాయి.

"అమెరికా నాటకం."

ఇందులో పావు వంతు నిజం ఉంది, అది ఒప్పుకోవాలి. టెడ్ లేకుండా పట్టిన సముద్రపు రొయ్యలను కొనకూడదని అమెరికా 1989లో చట్టం చేసుకుంది. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేశాయి. అమెరికా ఆ చట్టాన్ని దేశానికో తీరుగా, వివక్షతో అమలు చేస్తోందని 1998లో తీర్పు వచ్చింది. మనం గెలిచినట్టే. అయితే తాబేళ్ళను కాపాడటానికి అలాంటి షరతు పెట్టడమే తప్పని ఆ తీర్పు అనలేదు. ఇంకో సంగతి, మన భీమవరం, కైకలూరు చెరువుల నుంచి అమెరికా వెళ్ళే వనామీ రొయ్య సముద్రంలో పట్టింది కాదు, దానికి ఈ షరతుతో పని లేదు. 2025లో సుంకం 50 శాతానికి పెంచి ఆక్వా రైతుకు టెన్షన్ తెచ్చింది తాబేలు కాదు, రష్యా చమురు.

"సముద్రం పేరుతో గెలిచినవాడు లేడు."

బడి పిల్లలకు ఓటు లేదు, మధ్యాహ్న భోజనం పెడుతున్నాం. ఆ మాట అలా ఉంచితే, ఓటు రాదని తెలిసీ చేసినవాళ్ళు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. సముద్రపు తాబేళ్ళకు రక్షణనిచ్చే వన్యప్రాణి చట్టం 1972లో, తీరంలో 500 మీటర్ల దాకా కట్టడాలు వద్దని తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ 1981లో, రెండూ ఇందిరా గాంధీ కాలంవి. తిమింగల సొరకు చట్ట రక్షణ 2001లో, వాజపేయి హయాంలో వచ్చింది. మన దేశంలో అలాంటి రక్షణ పొందిన తొలి చేప అదే. ఏ దేశానికీ చెందని సముద్రాల ఒప్పందంపై మోదీ ప్రభుత్వం 2024 సెప్టెంబర్‌లో సంతకం చేసింది. కాకినాడ తీరంలో తాబేళ్ళు చచ్చి పడుతుంటే 2025 జనవరిలో విచారణకు ఆదేశించింది ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్.

ఇచ్చిన చేతులే తీసుకుంటాయి కూడా. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో కట్టడాలు కూడని జాగాను 200 మీటర్ల నుంచి 50 మీటర్లకు తగ్గించింది. అప్పుడు మన రెండు ఊళ్ళలో ఏ గ్రూపులోనూ ఒక్క ఫార్వర్డ్ రాలేదు. సముద్రం లేదు కదా మనకు.

ఇదంతా కుదించి పెదనాన్నకు పంపాను. సాయంత్రం దాకా నీలం టిక్కులే. ఏడింటికి ఫోన్ చేశారు.

"ఒరేయ్, అంతా బానే రాశావు గానీ, ఆ ఎనిమిది కిలోమీటర్ల గీత నీళ్ళ మీద ఎవడికి కనిపిస్తుందిరా?"

"ఎవరికీ కనిపించదు పెదనాన్నా. మత్స్యశాఖ వాళ్ళు బోటు వేసుకుని వెళ్ళి చూడాలి."

"వెళ్తున్నారా?"

"అది మీ ఎమ్మెల్యేని అడగాలి."

"మా ఎమ్మెల్యేకి సముద్రం ఎక్కడుందిరా" అని నవ్వబోయి, మధ్యలో ఆగిపోయారు.