ఎం25.50 గారికి ఒక కోడర్ విన్నపం

మహారాజశ్రీ ఎం25.50 గారికి,

నమస్కారాలు. డాక్టర్లు రాసిన జబ్బులకి మాలాంటి మెడికల్ కోడర్లు వేసే అమెరికా ఐసీడీ-10 కోడ్లలో తమరొకరు. తమరి పూర్తి పేరు ‘పెయిన్ ఇన్ అన్‌స్పెసిఫైడ్ జాయింట్’. అంటే ఒంట్లో ఎక్కడో, ఏదో ఒక కీలు నొప్పి. నిన్న మధ్యాహ్నమంతా తమ సన్నిధిలోనే గడిచింది కాబట్టి ఈ నాలుగు ముక్కలూ రాయకుండా ఉండలేకపోతున్నాను.

ఒకే ఒక్క చార్టు అండీ, అంటే ఒక రోగి రికార్డు. హెచ్‌పీఐలో (రోగి చెప్పిన బాధ రాసే చోట) కుడి మోకాలు నొప్పి, మూడు రోజులుగా. ఎగ్జామ్‌కి వస్తే మోకాళ్లు రెండూ భేషుగ్గా ఉన్నాయి, ఎడమ భుజం నొక్కితే మాత్రం నొప్పిట. ఆర్ఓఎస్‌లో (ఒంట్లో ఒక్కో భాగం గురించీ రోగిని అడిగి రాసే చోట) అసలు కీళ్ల నొప్పులే లేవని టెంప్లేట్ సాక్ష్యం చెప్పింది. చివర అసెస్‌మెంట్‌లో డాక్టర్ గారి తీర్పు: జాయింట్ పెయిన్. పక్కనే తమరు. పాత విజిట్లు తెరిస్తే ఏముంది, నాలుగు నెలల కిందటా మూడు రోజులే, పోయిన ఏడాదీ మూడు రోజులే. కాపీ పేస్ట్ చేసేవాళ్లకి క్యాలెండర్‌తో పనేముంది లెండి.

కుడి మోకాలైతే ఎం25.561. ఎడమ భుజమైతే ఎం25.512. మనం ఊహించి వేయకూడదు, చార్టులో ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకోటి ఉంటే డాక్టర్‌నే అడగాలి. సరే, క్వెరీ పెట్టాను, అంటే డాక్టర్‌కి రాతపూర్వకంగా ప్రశ్న పంపాను. ‘కుడి మోకాలేనా సార్?’ అని అడిగితే జవాబు మనమే నోట్లో పెట్టినట్టు అవుతుంది, అది లీడింగ్ క్వెరీ, తప్పు. అందుకని ఎక్కడెక్కడ ఏం రాశారో తేదీతో సహా ఎత్తి చూపించి, కుడి మోకాలు, ఎడమ భుజం, రెండూ, వేరే ఏదైనా, చెప్పలేను అని ఐదు గళ్లు గీసి, పెళ్లి సంబంధం మాట్లాడేవాళ్లకి కూడా ఉండనంత మర్యాదతో పంపించాను. రెండున్నర గంటలకి జవాబు వచ్చింది.

‘అగ్రీడ్.’

దేనికండీ అగ్రీడ్? ఐదింటికీనా?

మళ్లీ క్వెరీ పెడితే చార్టు హోల్డ్‌లో పడుతుంది, ప్రొడక్షన్ (ఎన్ని చార్టులు పూర్తి చేశామన్న లెక్క) పోతుంది. ‘ఉన్నదాంతో క్లోజ్ చేసెయ్’ అన్నారు టీమ్ లీడ్. తమరినే వేసి పంపాను. ఈ రోజు పొద్దున ఆడిట్ రిపోర్టు చూస్తే ఎర్రర్, నా పేరు మీద: ‘స్పెసిఫిసిటీ లేదు.’ అంటే ఫలానా కీలని కచ్చితంగా లేదట.

లేదు కదా మరి! లేనిది నేనెక్కడి నుంచి తేను? రాయాల్సినాయన రాయలేదు, అడిగితే చెప్పలేదు, క్వాలిటీ శాతం తగ్గింది మాత్రం నాకు. ఇంత జరుగుతుంటే నువ్వేం చేశావు? సెర్చ్‌లో జాయింట్ పెయిన్ అని కొట్టగానే ఆ డాక్టర్ కళ్లముందు పళ్లికిలించుకుంటూ నిలబడ్డావు. నువ్వంత సులువుగా దొరకబట్టే కదా ఆయన ఇంకో రెండు మాటలు టైప్ చేయలేదు!

మీ వంశం సంగతీ చెప్పాలి. జెట్ ఇంజిన్ లోపలికి లాగేసిన మనిషి బతికి బట్టకట్టి ఫాలో-అప్‌కి వస్తే, దానికి వి97.33ఎక్స్‌డి అని ప్రత్యేకంగా ఒక కోడ్ ఉంది. రెండు మోకాళ్లూ నొప్పి అన్నవాడికి మాత్రం ఒక్క కోడ్ లేదు, 561 ఒకటీ 562 ఒకటీ విడివిడిగా వేసుకోవాలి. అవే మోకాళ్లు అరిగిపోయాయని డాక్టర్ రాస్తే ఎం17.0 ఒక్కటే రెండింటికీ సరిపోతుంది. అరిగేదాకా ఆగమనా? 2015 అక్టోబర్ 1కి ముందు, పాత ఐసీడీ-9 కోడ్ల రోజుల్లో, కుడి ఎడమ గొడవే లేకుండా మోకాలి నొప్పికి 719.46 కొట్టేసి టైమ్‌కి ఇంటికెళ్లేవాళ్లమని సీనియర్లు చెబుతుంటే కడుపు మండిపోతుంది.

ఇదంతా రాస్తుండగానే అమ్మ ఫోన్ చేసింది. కీళ్ల నొప్పులతో రాత్రంతా నిద్ర లేదట.

“ఏ కీలమ్మా?”

“ఏ కీలేంటే? కీళ్లు!”

“కుడివైపా, ఎడమవైపా?”

“నొప్పంటే వైపులడుగుతావేంటి, నీకేమైనా పిచ్చా?”

ఇరవై నిమిషాలు అడిగినా గుర్తుపట్టింది ఒక్క బొటనవేలే, అదీ కుడో ఎడమో చెప్పలేదు. ఎందుకో మీరే గుర్తొచ్చారు. సరే, అమ్మ కోసమైతే ఉండండి. ఆ డాక్టర్ గారి స్క్రీన్ మీద మాత్రం ఇంకోసారి కనిపించారో, మర్యాద దక్కదు.

ఇట్లు,
ఆ ఎర్రర్ మీద రిబటల్ (అభ్యంతరం) రాస్తూ, వేళ్ల కీళ్లు పీకుతున్న
ఒక కోడర్
(కుడి చెయ్యి. ఎం25.541. చూశారా, ఎంత తేలికో!)