పేరు చెప్పని మూలిక

అశోక పట్ట అడిగినవారి చేతికి నరమామిడి పట్ట వస్తోంది. సర్పగంధ వేరు పేరిట అదే జాతిలోని మరో మొక్క వేరు తూకానికి ఎక్కుతోంది. పొడి కొట్టాక ఏది ఏదో పోల్చడం అనుభవమున్న వైద్యుడికీ కష్టమే. ఇదేమిటని నిలదీస్తే మూలికల వ్యాపారుల జవాబు ఎప్పుడూ ఒక్కటే: ఇది తాతల నాటి సంప్రదాయం, దీనికి పరీక్షలేమిటి?

ఏ సంప్రదాయం? తెలియని ఔషధం విషంతో, ఆయుధంతో, నిప్పుతో, పిడుగుతో సమానమని చరక సంహిత హెచ్చరించింది. మొక్కను గుర్తుపట్టడం, ఏ భాగాన్ని ఏ రుతువులో సేకరించాలో ఎరగడం వైద్యుడి పని అన్నది సంప్రదాయమే. దాని పేరు చెప్పుకుని దాని మాటే తుంగలో తొక్కడం కపటం.

మూలిక మారితే ఏమవుతుందో బ్రస్సెల్స్‌లో తేలింది. 1990ల తొలినాళ్లలో బరువు తగ్గడానికి ఇచ్చిన మందులో ఒక చైనా మూలిక స్థానంలో ఈశ్వరి జాతి మొక్క చేరింది. వందమందికి పైగా మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారిలో కొందరికి తర్వాత మూత్రనాళాల క్యాన్సర్ బయటపడింది. ఈ జాతి మొక్కలున్న మందులను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లోనే మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేవని తేల్చింది. మన ఈశ్వరి, గాడిదగడపాకు కూడా ఆ జాతివే. సంప్రదాయమన్న ముద్ర ఉన్నంత మాత్రాన మూత్రపిండాలకు మినహాయింపు దొరకదు.

పేదలకు అందుబాటులో ఉన్న వైద్యం ఇదేనని, నిబంధనలు పెడితే చిన్న అమ్మకందారులు నలిగిపోతారని కొందరి వాదన. పేదవాడికి మాత్రం ఏ వేరో తెలియని వేరు అమ్మవచ్చా? పైగా తనిఖీ మొదలుకావలసింది గంప పెట్టుకుని కూర్చున్న అవ్వ దగ్గర కాదు, బస్తాలు నింపే టోకు గోదాములో.

అడవి సంగతీ ఇంతే. సర్పగంధ, జటామాంసి వేళ్లతో పెకలిస్తారు కాబట్టి మొక్క మళ్లీ మొలకెత్తదు. రెండూ అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉన్నాయి. చంగల్వకోష్టు అనే మరో వేరు మూలికకైతే అంతకంటే కఠినమైన జాబితా. అసలు సరుకు కరవయ్యేకొద్దీ నకిలీకి గిరాకీ పెరుగుతుంది. అడవిని ఊడ్చేసే చేతులే సంప్రదాయాన్ని కాపాడుతున్నామని చెప్పుకోవడం మరో కపటం.

ప్రతి బస్తాపై మొక్క శాస్త్రీయ నామం, వాడిన భాగం, సేకరించిన చోటు రాయించాలి. నమూనాలు తీసి పరీక్షించాలి. పూర్వుల విజ్ఞానమంటూ వేదికలెక్కి గొంతు చించుకునే ఏలికలకు ఈ మాత్రం చేయడానికి చేతులు రావడం లేదా? ఇది చేయలేనివారు ఆ పూర్వుల పేరెత్తడం మానుకోవాలి.