మూత్రపిండాలకు మనవి

“ప్రజలు సహకరించవలసిందిగా కోరడమైనది.”

కొవ్వూరు వైపు వంతెన మొదట్లో, ఇనుప బారికేడ్లకు కట్టిన ఫ్లెక్సీ మీద ఉందీ వాక్యం. 2023 సెప్టెంబరు చివర్లో, గోదావరి మీద రాజమండ్రికి దాటించే రోడ్డు కం రైలు వంతెనను మరమ్మతులకని నెల రోజులు మూసినప్పటి మాట. కోరినవారెవరో లేదు. కోరడమైనది, అంతే. పొద్దున్నే మంచు కురిసినట్టు, కోరిక దానంతటదే కురిసింది.

ఆటోలో నా పక్కన మా పెద్దమ్మ. ఆవిడకు వారానికి మూడుసార్లు రాజమండ్రిలో డయాలిసిస్, విడతకు నాలుగు గంటలు. ఫ్లెక్సీ చదివి వినిపించాను. “ఎవరికి సహకరించాలిరా?” అంది. నాకూ తెలియలేదు. అయినా ప్రభుత్వం మాట జవదాటని కుటుంబం మాది. ఆవిడ మూత్రపిండాలకు మర్యాదగానే విన్నవించాం: “అయ్యలారా, మరమ్మతుల కాలం. నెల రోజులు మీ పని మీరే చూసుకోవలసిందిగా కోరడమైనది.” ఆరేళ్లుగా పని మానేసిన వాళ్లు మా ఫ్లెక్సీకి మాత్రం లొంగుతారా?

బహుశా మిగతా రోగాలు బుద్ధిగా ఉంటాయేమో. నాకైతే ఈ దృశ్యం కళ్లకు కడుతోంది. తాళ్లపూడి చేలల్లో ఒక రైతును పాము కరిచింది. మోటారుసైకిల్ మీద మధ్యన కూర్చోబెట్టి బారికేడ్ దగ్గరికి తెచ్చారు. కాపలా మనిషి అడుగుతాడు: “అత్యవసరమా, సాధారణమా?” అది పామునే అడగాలి. పాము రాలేదు. కరిచినది కట్లపామో నీరుకట్టో నిర్ధారణ కానిదే గేటు తీయడానికి తనకు అధికారం లేదంటాడు. పైఅధికారికి ఫోను చేస్తాడు. ఆయన సమావేశంలో ఉన్నారు. సమావేశం ఎందుకంటే, ఫ్లెక్సీలో “సహకరించవలసిందిగా” బాగుంటుందా, “సహకరించగలరు” బాగుంటుందా అని. చివరికి కబురొస్తుంది: కరిచిన పామును రెండు ఫొటోలతో సహా హాజరుపరచాలి. బంధువులు చేలోకి పరుగెత్తుతారు. పాము అప్పటికే ప్రత్యామ్నాయ మార్గంలో వెళ్లిపోయింది.

ప్రత్యామ్నాయ మార్గాలకు లోటు లేదు. గామన్ వంతెన ఉంది. విజ్జేశ్వరం మీదుగా ధవళేశ్వరం బ్యారేజీ ఉంది. వంతెన మీద నడవాల్సిన బళ్లన్నీ ఆ దారుల మీదే పడ్డాయి, మా ఆటోతో సహా. చెప్పడం మరిచాను, 2022 ఏప్రిల్ నుంచి మేం తూర్పు గోదావరి జిల్లావాళ్లం. ఏటికి పడమటి గట్టున పుట్టి, పడమటి గట్టునే ఉండి, తూర్పువాళ్లమైపోయాం. కాగితం మీద మా ఊరు ఊరంతా రాత్రికి రాత్రి గోదావరి దాటేసింది. పెద్దమ్మ ఒక్కర్తే దాటలేకపోతోంది.

ఒక తెలివైన బంధువు అన్నాడు, వంతెన కింది అంతస్తులో రైళ్లు నడుస్తూనే ఉన్నాయిగా, ఎక్కించండి అని. డయాలిసిస్ అయ్యాక మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. సూదులు తీసిన చోట దూది అదిమి పట్టుకుని, బీపీ పడిపోయి, లేచి నిలబడితే కళ్లు తిరిగే మనిషిని ప్లాట్‌ఫారం మీద ఆగే రైలు కోసం కూర్చోబెట్టమంటాడు.

వంతెన మూయవద్దని నేను అనడం లేదు. 1974 నాటి కట్టడం. బాగుచేయకపోతే అదీ ఒకరోజు సహకరించడం మానేస్తుంది. కానీ ఎవరు ఏ రోజు ఏ పూట డయాలిసిస్‌కి వెళ్తారో ఆరోగ్యశ్రీ కంప్యూటర్లో లేదా? ప్రతి విడతా అందులో ఎక్కుతుంది కదా! ఆ జాబితా తీసి ఒక వ్యాను తిప్పడానికి ఏం రోగం? బారికేడ్ దగ్గర ఒక 108 బండి నిలపడానికి ఏం అడ్డొచ్చింది? పన్నెండేళ్లకోసారి పుష్కరాలొస్తే పన్నెండు రోజులు ఘాటు ఘాటుకూ వైద్య శిబిరం, అంబులెన్సు పెడతారే, అదే గోదావరి కాదా ఇది? మునిగేవాడికి చేసిన ఏర్పాటు దాటేవాడికి చేయడానికి చేతులు రావా? ఒక్క విడత తప్పితే ఒంట్లో నీరు ఊపిరితిత్తులకు ఎక్కుతుంది. మా పెద్దమ్మ అలాంటి రాత్రి ఒకటి గడిపింది. పడుకుంటే ఊపిరాడక, గోడకు మూడు దిళ్లు ఆన్చుకుని, తెల్లవార్లూ కూర్చునే ఉంది. ఆ ఫ్లెక్సీ రాసినవాణ్ని తెచ్చి ఆ మంచం పక్కన కూర్చోబెట్టాలి.

అక్టోబరులో ఒకనాడు జోరు వాన. ఆటో పక్కన కొత్త పరదా వేలాడుతోంది. చూస్తే ఆ ఫ్లెక్సీయే. గాలికి ఊడి పడితే మా ఆటో అబ్బాయి తెచ్చి కట్టాడట. “ఇక జల్లు కొట్టదులెండి మామ్మగారూ” అన్నాడు. మడతలో పోయినవి పోగా “ప్రజలు సహ” వరకే కనబడుతోంది. పెద్దమ్మ దాన్ని మోకాళ్ల మీదికి లాక్కుని కళ్లు మూసుకుంది.