సిక్సు లెక్కలోకి రాదు, పనిలోకి రండి

విశాఖలో ఉద్యోగులు బాగుపడకపోవడానికి కారణం జీతాలు కాదు. మద్దిలపాలెం ట్రాఫిక్ కాదు. మే నెల ఉక్కపోత అసలే కాదు. ఆటల నుంచి నేర్చుకోవలసినంత నేర్చుకోకపోవడమే. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లందరూ ఈ మాటే చెబుతున్నారు. ఊరికే చెప్పడం లేదు, తెల్లవారుజామున బీచ్ రోడ్డులో కొత్త బూట్లతో నిలబడి, చెమట పట్టకముందే ఫొటో తీసుకుని మరీ చెబుతున్నారు. కాబట్టి కాదనడానికి లేదు.

మన కంపెనీలు మాత్రం ఏం తక్కువ తిన్నాయి? ఏటా ఒక ఆదివారం (పనిదినం పాడవకూడదు కదా) ఉద్యోగుల్ని బస్సెక్కించి భీమిలి రోడ్డులో ఏదో ఒక రిసార్టుకి తోలుకెళ్తారు. అందరికీ ఒకే రంగు టీషర్టు తొడిగిస్తారు. సైజులు పేరు పేరునా అడిగి రాసుకుంటారు గానీ వచ్చేవన్నీ ఎక్స్‌ఎల్లే. హైదరాబాదు నుంచి దిగిన కోచ్ మైకు పట్టుకుని 'ఎనర్జీ ఏదీ? వినపడట్లేదు!' అంటాడు. తర్వాత తాడు లాగుడు. దీనికి గొప్ప చరిత్రే ఉంది. 1900 నుంచి 1920 దాకా ఒలింపిక్స్‌లో పతకాలిచ్చిన ఆట ఇది. ఒలింపిక్స్ వాళ్లు వదిలేశారు, హెచ్‌ఆర్ వాళ్లు అందుకున్నారు. ఒకే కంపెనీ మనుషుల్ని రెండు ముక్కలు చేసి, ఒకే తాడుని అటు సగం మంది ఇటు సగం మంది లాగితే ఐకమత్యం ఎలా వస్తుందని అడిగే అజ్ఞానులు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరిద్దరుంటారు. వాళ్ల పేర్లు కోచ్ రాసుకుంటాడు.

అదే ఒడ్డున కొంచెం అవతల మత్స్యకారులు వల లాగుతుంటారు. అందరూ ఒకే వైపుకి లాగుతారు. కోచ్ లేడు, టీషర్టు లేదు, ఎనర్జీ ఏదని అడిగేవాడు లేడు. పడ్డ చేపల్ని అక్కడే ఇసుకలో పోసి పంచుకుని ఇళ్లకు పోతారు. ఇదేం పద్ధతి? పంచేముందు కమిటీ ఉండాలి, రేటింగులుండాలి, బాగా లాగినవాణ్ని పక్కకి పిలిచి 'నీ మీద మాకు చాలా ఆశలున్నాయి, వచ్చే ఏడు చూద్దాం' అనాలి. అందుకే కోచ్ అటువైపు వీపు పెట్టి నిలబడతాడు.

క్రికెట్ పాఠాల కోసం మనం ఊరు దాటనక్కర్లేదు. పోతినమల్లయ్యపాలెం స్టేడియం ఉంది. 2023 నవంబరు 23న అక్కడ ఆస్ట్రేలియాతో టీ20. అహ్మదాబాదులో ప్రపంచకప్ ఫైనల్ వాళ్ల చేతిలోనే పోయి నాలుగు రోజులైంది, జనం కసి మీదున్నారు. గెలవడానికి 209 కావాలి. ఆఖరి ఓవర్లో ఏడు మిగిలాయి. రింకూ సింగ్ మొదటి బంతికే ఫోర్ కొట్టాడు. ఇంక బండి తీయొచ్చని జనం లేచేసరికి టపటపా మూడు వికెట్లు పడ్డాయి, అందులో రెండు రనౌట్లు. ఆఖరి బంతికి ఒక్క పరుగు కావాలి. ఆస్ట్రేలియా బౌలర్ అబాట్ వేశాడు, రింకూ సిక్సు కొట్టాడు. స్టేడియం ఊగిపోయింది. తీరా చూస్తే అది నోబాల్. కావలసిన ఒక్క పరుగూ నోబాల్‌తోనే వచ్చేసింది, మ్యాచ్ అక్కడితో అయిపోయింది, సిక్సు ఎవరి ఖాతాలోనూ పడలేదు. రింకూ పేరు మీద 22 పరుగులే మిగిలాయి.

అప్రైజల్ (ఏటా ఉద్యోగి పనికి మార్కులేసే తంతు) అంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన బంతి నాకు తెలిసి ఇంకొకటి లేదు. ప్రతి ఆఫీసులోనూ ఒక అమ్మాయి ఉంటుంది. శుక్రవారం రాత్రి అందరూ వెళ్లిపోయాక రుషికొండ మీది ఐటీ ఆఫీసులో ఒక్కతే కూర్చుని, క్యాంటీన్ మూసేశారు గనక బిస్కెట్ ప్యాకెట్‌తో సరిపెట్టుకుని, తెల్లారేసరికి పని ముగిస్తుంది. అప్పుడు తెలుస్తుంది, అమెరికా క్లయింటు గడువు వారం పొడిగించాడని, ఆ మెయిల్ సాయంత్రమే మేనేజర్‌కి వచ్చిందని, పాపం ఆయన అప్పటికే నిద్రపోయాడని. ఆమె ఈ సంగతి ఫారంలో రాస్తే ఆయన ఎంతో మర్యాదగా అంటాడు: "నువ్వు చేసింది అదనం కదమ్మా. అదనానికి ఇందులో గడి లేదు." ఆయన తప్పేముంది? ఐసీసీ రూలు కూడా అదే. మర్నాడు రింకూ ఫొటో పేపర్లన్నిట్లో వచ్చిందనీ, ఈ అమ్మాయికి క్యాబ్ కూడా రాలేదనీ కొందరు గుర్తుచేస్తారు. అలాంటి చిన్న తేడాలు పట్టుకుని వ్యాసం పాడుచేయను.

అదే ఏడాది మార్చి 19న అదే మైదానంలో ఇంకో పాఠం జరిగింది, మనవాళ్లు మరిచిపోదామని చూస్తుంటారు. వన్డేలో 26 ఓవర్లకే 117కి ఆలౌటయ్యాం. ఆస్ట్రేలియా వాళ్లు 11 ఓవర్లలో, వికెట్ పోకుండా, కొట్టేశారు. మిగిలిన 39 ఓవర్లకి 'ఖాళీగానే ఉన్నారుగా, పక్క టీం పని కూడా చూడండి' అని వాళ్లతో ఎవరూ అనలేదు. సంచులు సర్దుకుని పోయారు. ఆటల్లో ఉన్న ఈ క్రమశిక్షణా లోపాన్ని మన ఆఫీసులు ఎప్పుడో సరిదిద్దాయి. మూడింటికి పని ముగించినవాడికి మూడుంబావుకి ఇంకొకడి పని వస్తుంది. ఇది తెలిసినవాడు ఆరున్నర దాకా ఎక్సెల్ షీటు తెరిచి, గడులకి రంగులు వేస్తూ, నుదురు చిట్లించి కూర్చుంటాడు. అతన్నే కష్టజీవి అంటారు.

ధోనీ సంగతి అందరికీ తెలుసు గనక క్లుప్తంగా. 2005 ఏప్రిల్ 5న, అప్పటికి చెప్పుకోదగ్గ స్కోరంటూ లేని ఆ కుర్రాణ్ని పాకిస్తాన్ మీద గంగూలీ మూడో స్థానంలో, తన కంటే ముందు దింపాడు. 123 బంతుల్లో 148 కొట్టాడు. కొత్తవాళ్లని నమ్మాలన్న ఈ నీతిని మన మేనేజర్లు తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు. నిన్న చేరిన కుర్రాణ్ని ఇవాళ క్లయింటు ముందుకి తోస్తారు. వాడు 148 కొడితే 'పంపింది నేనే'. డకౌటైతే 'వీణ్నెవరయ్యా పంపింది?'

ఇక మన ఊరి కుర్రాడు కోన శ్రీకర్ భరత్. 2021 నవంబరులో కాన్పూర్ టెస్టులో వికెట్‌కీపర్ సాహాకి మెడ పట్టేస్తే, తుది జట్టులో లేని భరత్ అప్పటికప్పుడు గ్లవ్స్ తొడుక్కుని దిగాడు. రెండు క్యాచ్‌లు, ఒక స్టంపింగ్. స్కోరుకార్డులో ఆ పనంతా 'సబ్' (బదులు ఆటగాడు) అన్న మాట వెనక పడింది. టెస్టు టోపీ (తుది జట్టులో చోటు) 2023 ఫిబ్రవరిలో వచ్చింది, అంటే పదిహేను నెలలకి. ఈ తొందరపాటుకి బోర్డుని తప్పుపట్టక తప్పదు. గాజువాక వైపు ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా షిఫ్టు మారే వేళకి నిలబడి చూడండి. పర్మినెంటు ఆయన మెడ పట్టేసినప్పుడల్లా మిషను నడిపిన కాంట్రాక్టు మనుషులు పదిహేనేళ్లుగా 'సబ్'గానే క్యాచ్‌లు పడుతున్నారు. టోపీ మాట ఎత్తితే కాంట్రాక్టరు మారిపోతాడు, సర్వీసు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుంది. ఓపిక అంటే అదీ.

నిజానికి మన ఆఫీసులకి క్రికెట్ కంటే కబడ్డీ దగ్గర చుట్టం. రెయిడర్‌కి 30 సెకన్లు, కూత ఆగకూడదు. ప్రో కబడ్డీలో వరుసగా రెండు రెయిడ్లు ఖాళీగా వస్తే మూడోది చావో రేవో. అందులోనూ పాయింటు తేకపోతే ఔట్. మన సోమవారం మీటింగులు ఇందులో కూత వరకు తీసుకుని తక్కినది వదిలేశాయి. ఒకాయన లేచి గీత దాటి 'సినర్జీ, సినర్జీ, సినర్జీ' అంటూ బల్ల చుట్టూ తిరుగుతాడు. ఎవర్నీ తాకడు, ఎవరికీ దొరకడు. క్షేమంగా వెనక్కి వచ్చి నీళ్లు తాగుతాడు. వచ్చే సోమవారం మళ్లీ. ఇన్ని ఖాళీ రెయిడ్లు చేసి ఔటైనవాణ్ని నేను చూడలేదు, వైస్ ప్రెసిడెంటైనవాళ్లని చూశాను. మూల నిలబడి అవతలివాడి కాలు పట్టి, మోకాలు చెక్కుకుపోయి పాయింటు తెచ్చినవాడు కూత పెట్టలేదు గనక, వాడి ఫారంలో 'కమ్యూనికేషన్ మెరుగుపడాలి' అని రాస్తారు.

కబడ్డీలో ఇంకో రూలుంది. మనవాళ్లు అవతలివాణ్ని ఔట్ చేసినప్పుడల్లా, ఔటై బయట కూర్చున్న మనవాళ్లు ఒక్కొక్కరూ మళ్లీ లోపలికి వస్తారు. జట్టు గెలుస్తున్నకొద్దీ మనుషులు పెరుగుతారన్నమాట. కార్పొరేటు రంగం ఈ రూలుని శ్రద్ధగా పరిశీలించి, తలకిందులుగా అమలు చేస్తోంది.

కెప్టెనూ అంపైరూ స్కోరరూ సెలెక్టరూ ఒక్కరే అయిన ఆట లోకంలో ఇంకెక్కడైనా ఉందేమోనని వెతికాను. గల్లీ క్రికెట్లో బ్యాటు ఎవరిదైతే వాడిది ఇదే హోదా. అందుకని అప్రైజల్లో ఉద్యోగికి కనీసం రెండు రివ్యూలైనా (క్రికెట్లో అంపైర్ తీర్పుని సవాలు చేసే అవకాశం లాంటివి) ఇవ్వండని తెలిసిన మేనేజర్‌ని అడిగాను. ఆయన తక్షణం ఒప్పుకున్నాడు. థర్డ్ అంపైర్ ఎవరని అడిగితే కాస్త సిగ్గుపడి, తనేనన్నాడు.

అది సాగదు గనక ఇంకో చౌక సంస్కరణ ప్రతిపాదిస్తున్నాను, ఖర్చు ఐడీ కార్డుల ప్రింటింగు వరకే. 2016 అక్టోబరు 29న ఇక్కడే న్యూజిలాండ్‌తో సిరీస్ తేల్చే వన్డేలో మన ఆటగాళ్లు తల్లుల పేర్లు వీపు మీద వేసుకుని ఆడారు. ధోనీ జెర్సీ మీద దేవకి, కోహ్లీ జెర్సీ మీద సరోజ్. న్యూజిలాండ్ 79కి ఆలౌటైంది. కాబట్టి మన ఐడీ కార్డుల మీదా అమ్మల పేర్లే ఉండాలి, మేనేజర్లు ఆ పేర్లతోనే పిలవాలి.

దీనికి యాజమాన్యాల నుంచి గట్టి అభ్యంతరాలే వచ్చాయి. ఉత్తరాంధ్రలో తల్లుల పేర్లు పైడితల్లి, నూకాలమ్మ, కనకమహాలక్ష్మి. నిండు మీటింగులో 'కనకమహాలక్ష్మీ, నీ వల్లే కంపెనీకి నష్టం' అనడానికి బురుజుపేటలో ఆ పేరుగల అమ్మవారి గుడి దారిలో రోజూ వెళ్లే ఏ మేనేజర్‌కీ నోరు రాదు. వార్నింగ్ లెటరు కూడా ఆ పేరు మీదే వెళ్లాలి. అది ఇంటికి చేరిందంటే ఆ తల్లి క్యారేజీ పట్టుకుని ఆటో ఎక్కి, సెక్యూరిటీని దాటి, రాత్రి పదింటికి కాన్ఫరెన్స్ రూము తలుపు తోస్తుంది.

"మా గుంటడు ఏటి సేసినాడు బాబూ? సరేలే, అది తరవాత సెబుదువు గానీ, ఆడికి అన్నానికి ఎప్పుడొదులుతావు?"