అప్‌లోడ్ బటన్ మోయలేని బరువు

2023 చివరికి స్ట్రీమింగ్ సేవల్లో 18.4 కోట్ల ట్రాక్‌లు ఉన్నాయని సంగీత గణాంకాల సంస్థ లూమినేట్ లెక్కగట్టింది. అందులో 4.56 కోట్ల ట్రాక్‌లను ఆ ఏడాది ఒక్కరూ వినలేదు. ఒక్కరూ అంటే చేసినవాడితో సహా. తన పాట అక్కడ ఎలా వినబడుతోందో చూద్దామని అతనైనా ప్లే నొక్కలేదన్నమాట. సొంతంగా బాణీలు కట్టుకునేవాళ్ళను నిరుత్సాహపరచడానికి ఈ అంకెను తరచుగా వాడుతుంటారు. నువ్వెంత, నీ పాటెంత, సముద్రంలో కాకిరెట్ట అని. ఎవరూ అడగని పాత కేటలాగులు కూడా ఆ కుప్పలో ఉంటాయి, ఆ మాట వేరు. కానీ నాకు ఆ అంకెలో ఇంకొకటి కనబడుతుంది. పెట్టేస్తే చాలు, వినిపించినట్టేనని చాలామంది అనుకున్నారు.

అప్‌లోడ్ అనే ఒక్క నొక్కులో నాలుగు వేరువేరు పనులు కలిసిపోయాయి. పాటను ముగించడం, ఎవరికైనా వినిపించడం, భద్రంగా దాచడం, దానిమీద నాలుగు డబ్బులు చూసుకోవడం. ఒక పని లెక్కను ఇంకో పనికి కొలబద్దగా వాడుకోవడం దగ్గరే సొంత సంగీతం చేసేవాళ్ళ దిగులంతా మొదలవుతుంది. 40 ప్లేలు వచ్చాయంటే పాట బాగాలేదనుకుంటాం. సైట్‌లో ఉంది కాబట్టి భద్రంగా ఉందనుకుంటాం. రెండూ తప్పే.

ముగించడంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ బటన్ నిజంగా బాగా చేసే పని అదొక్కటే. సినిమాకు పనిచేసేవాడికి రిలీజ్ తేదీ ఉంటుంది. జర్మన్ స్వరకర్త బాఖ్ 1723లో లైప్‌జిగ్‌లో ఉద్యోగంలో చేరాక, మొదటి కొన్నేళ్ళు దాదాపు ప్రతి ఆదివారానికీ ఒక కాంటాటా, అంటే చర్చిలో పాడే రచన, సిద్ధం చెయ్యాల్సివచ్చింది. ఇష్టమున్నా లేకున్నా ఆదివారం వచ్చేస్తుంది. ఇంట్లో కూర్చుని తనకోసం తాను చేసుకునేవాడికి ఆదివారం లేదు. పైగా ఇప్పటి సాఫ్ట్‌వేర్‌లో తిరిగి మార్చుకోలేనిదంటూ ఏదీ లేదు. 1979లో ఇంట్లోనే రికార్డు చేసుకునే టాస్కామ్ పోర్టాస్టూడియో వచ్చినప్పుడు మామూలు క్యాసెట్ మీద నాలుగు ట్రాక్‌లు, అంటే విడివిడిగా రికార్డు చేసుకునే నాలుగు వరుసలు, దొరికాయి. అయిదో వాద్యం కావాలంటే మూడు ట్రాక్‌లను కలిపి నాలుగోదానిమీదకి ఎక్కించి, ఆ మూడింటినీ చెరిపి వాడుకోవాలి. ఒకసారి కలిపాక ఇక విడదీయలేం. గిటార్ ఎంత గట్టిగా ఉండాలో అప్పటికప్పుడు తేల్చుకోవాల్సిందే. ఇప్పుడు రెండొందల ట్రాక్‌లు పెట్టుకోవచ్చు, ఏ నిర్ణయాన్నైనా రేపటికి వాయిదా వెయ్యొచ్చు. రేపటికి వాయిదా పడ్డ పాటలు నా హార్డ్‌డిస్క్‌లో ఎన్ని ఉన్నాయో చెప్పుకోవడం సిగ్గుచేటు.

అందుకే అప్‌లోడ్ పనికొస్తుంది. లింక్ ఇంకొకరికి పంపిన మరుక్షణం అదే పాట వేరేగా వినబడుతుంది. ఇది చేసినవాళ్ళందరికీ తెలుసు. పదిహేను రోజులుగా బాగానే ఉందనుకున్న ఇంట్రో ఒక్కసారిగా సాగదీసినట్టు అనిపిస్తుంది. పాటలో ఏమీ మారలేదు. వాళ్ళ చెవితో వింటున్నాం, అంతే. ఈ పరాయి చెవి కోసమైనా పాటను బయటపెట్టాలి. చివరి వారమంతా శబ్దం ఇంకాస్త గట్టిగా ఉండాలని శిఖరాలను అదిమి మొత్తం శబ్దాన్ని పెంచే లిమిటర్‌తో కుస్తీ పట్టేవాళ్ళకు ఒక్క మాట. స్పాటిఫై మామూలుగా పాటలన్నింటినీ దాదాపు మైనస్ 14 ఎల్.యూ.ఎఫ్.ఎస్. (వినబడే గట్టిదనానికి కొలత) స్థాయికి తెచ్చి వినిపిస్తుంది. మీరు కష్టపడి పెంచింది అది తగ్గించేస్తుంది.

వినిపించడం అనగానే నాకు అమెరికన్ స్వరకర్త చార్లెస్ ఐవ్స్ గుర్తొస్తాడు. పగలు న్యూయార్క్‌లో ఇన్సూరెన్స్ వ్యాపారం, రాత్రిళ్ళూ సెలవురోజులూ సంగీతం. 1920లో తన రెండో పియానో సొనాటాను సొంత డబ్బుతో అచ్చువేయించి, ఎవరూ అడగకుండానే సంగీతకారులకూ విమర్శకులకూ ఉచితంగా పోస్టులో పంపించాడు. 1922లో 114 పాటల సంపుటం అచ్చువేసి దాన్నీ అలాగే పంచాడు. చాలామంది పట్టించుకోలేదు, కొందరు నవ్వారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే ఎంగేజ్‌మెంట్ సున్నా. ఆ ప్రతుల్లో ఒకటి పారిస్‌లో ఒక పియానిస్టు ఇంటికి చేరింది. 1927లో జాన్ కర్క్‌పాట్రిక్ అనే కుర్రవాడు దాన్ని అక్కడ చూసి, నాకూ ఒక ప్రతి కావాలని ఐవ్స్‌కు ఉత్తరం రాశాడు. ఏళ్ళ తరబడి సాధన చేశాడు. 1939 జనవరిలో న్యూయార్క్‌లో అతను మొత్తం సొనాటా వాయించాకే పత్రికలు ఐవ్స్ వైపు తలతిప్పి చూశాయి. 1947లో మూడో సింఫనీకి పులిట్జర్ బహుమతి వచ్చేనాటికి ఐవ్స్ కొత్త సంగీతం రాయడం మానేసి దాదాపు 20 ఏళ్ళయింది.

ఓపిక పడితే ఫలితం దక్కుతుందని చెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. ఐవ్స్ లాగా పోస్టులో పంపి, ఏ కర్క్‌పాట్రిక్ కంటా పడకుండా పోయినవాళ్ళ పేర్లు మనకు తెలియవు కదా. నా దృష్టి రెండు సంగతుల మీద ఉంది. ఒకటి, ఐవ్స్ ఇల్లు ఇన్సూరెన్స్ మీద గడిచింది. ఆ పార్సిళ్ళు తనకు కూడు పెట్టాలని అతను ఎదురుచూడలేదు. రెండోది ఇంకా ముఖ్యం. ప్రతి పార్సిల్ మీదా ఒక చిరునామా ఉంది. మన అప్‌లోడ్‌కు చిరునామా ఉండదు, లోకానికంతటికీ అని ఉంటుంది. లోకానికంతటికీ రాసిన ఉత్తరాన్ని ఎవరూ విప్పరు.

1993లో కాలిఫోర్నియాలో కొందరు విద్యార్థులు ఇంటర్నెట్ అండర్‌గ్రౌండ్ మ్యూజిక్ ఆర్కైవ్ మొదలుపెట్టింది కంపెనీ అండ లేని సంగీతాన్ని వినిపించడానికే. ఆ మోడెమ్ రోజుల్లో ఒక పాట దించుకోవాలంటే చాలాసేపు కాచుకోవాలి. అంతసేపు కాచుకున్నవాడు తప్పకుండా వినేవాడు. ఇప్పుడు ఆ కాచుకోవడం పోయింది, దానితోపాటు ఆ వినడమూ పోయింది. ఎవరైనా తమ పాటలు పెట్టుకోగల సౌండ్‌క్లౌడ్ సైట్‌లో నాకు నచ్చేది ఒకటుంది. కామెంట్ పాట కింద కాకుండా, పాటలో ఫలానా సెకను దగ్గర పెట్టొచ్చు. నా పాట ఒకదానిలో ఒకాయన 1:47 దగ్గర "ఇక్కడ బేస్ ఎందుకు ఆగింది?" అని అడిగాడు. ఎందుకు ఆగిందంటే, నేను పొరపాటున ఆ ట్రాక్ మ్యూట్ చేసి మర్చిపోయాను. వెళ్ళి సరిచేయబోయి ఆగాను. ఆ ఖాళీ బాగుంది. అప్పటినుంచి చాలా పాటల్లో కావాలనే బేస్‌ను అలా ఒకచోట ఆపుతున్నాను. ఆ పాటకు వచ్చిన మొత్తం ప్లేలు వందకూడా దాటలేదు.

డబ్బు సంగతి త్వరగా తేల్చేయొచ్చు. స్ట్రీమింగ్‌లో ఒక్కో ప్లేకు ఇంత అని స్థిరమైన ధర ఉండదు. చందాలు, ప్రకటనల డబ్బును ఒకచోట పోసి, మొత్తం ప్లేలలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీములు రాని ట్రాక్‌కు రికార్డింగ్ రాయల్టీ లేదని స్పాటిఫై 2024 నుంచి నిబంధన పెట్టింది. మొదట చెప్పిన లూమినేట్ లెక్కలోనే 15.86 కోట్ల ట్రాక్‌లకు ఆ ఏడాది వెయ్యి లేదా అంతకు తక్కువ ప్లేలు వచ్చాయి. అన్ని సేవలూ కలిపి కూడా అంతే. అంటే నూటికి 86 ట్రాక్‌లు ఆ గడప అవతలే ఉండిపోతాయి. పైగా 2025 ఏప్రిల్‌లో స్ట్రీమింగ్ సేవ డీజర్, తమకు రోజూ వచ్చే ట్రాక్‌లలో 18 శాతం, అంటే 20 వేలకు పైగా, పూర్తిగా ఏఐ చేసినవేనని చెప్పింది. కుప్ప ఇంత వేగంగా పెరుగుతుంటే, అందులో మనదీ ఒకటి వేసి వాటా కోసం కూర్చోవడం నాకు తెలివైన పనిగా కనబడదు.

డబ్బు రాకపోతే రాకపోయింది, ఆ లెక్క పాట లోపలికి కూడా వస్తుంది. 30 సెకన్లు వింటేనే స్ట్రీమ్ కింద లెక్క. అందుకని మొదటి అరనిమిషంలోనే పల్లవి పడిపోవాలనే సలహా ఇప్పుడు ఎక్కడ చూసినా ఉంది. తాపీగా ఆలాపనతో మొదలుపెట్టే అలవాటున్నవాడు ఈ సలహా వింటే ముందు పోయేది ఆ ఆలాపనే. రాబడి లేని లెక్క కోసం పాటను కత్తిరించుకోవడం ఏం బేరం? నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ లాంటి చోట పరిస్థితి కొంత నయం. అక్కడ డిజిటల్ అమ్మకం మీద మామూలుగా 15 శాతం తీసుకుని మిగతాది ఇస్తారు. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడేల రోజున ఆ వాటా కూడా వదులుకున్నారు. కొనే నలుగురు ఉంటే అది నిజమైన డబ్బు. షార్ట్ ఫిల్మ్‌కో గేమ్‌కో సంగీతం కావాలని ఎవరైనా అడిగి చేయించుకుంటే అదీ నిజమైన డబ్బే. నాకు అలాంటి పని వచ్చిన రెండుసార్లూ, అడిగినవాళ్ళు నా పాట విని వచ్చారు, నా ప్లేల సంఖ్య చూసి కాదు.

హక్కుల గురించి భయం మాత్రం అవసరానికి మించి ఉంది, జాగ్రత్త అవసరానికి తక్కువ ఉంది. బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో కాపీరైట్ కోసం ఎక్కడా రిజిస్టర్ చేయనక్కర్లేదు, పాట పుట్టడంతోనే హక్కు పుడుతుంది. నిజానికి రెండు హక్కులు. బాణీ మీద ఒకటి, ఆ రికార్డింగ్ మీద ఒకటి. పాటను స్ట్రీమింగ్ సేవలకు చేరవేసే డిస్ట్రిబ్యూటర్ పెట్టిన కాగితంలో ఏది ఇస్తున్నారో చదవకుండా ఓకే కొట్టేవాళ్ళే ఎక్కువ. నా పనిని ఇతరులు ఉచితంగా వాడుకోవచ్చని ముందే అనుమతించే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కూడా అంతే. మనసు మార్చుకుని పంచడం ఆపేయొచ్చు గానీ, అప్పటికే తీసుకున్నవాళ్ళ దగ్గరనుంచి దాన్ని వెనక్కి తీసుకోలేం.

ఇక యంత్రాల తగువులు వేరు. 2007లో వచ్చిన యూట్యూబ్ కంటెంట్ ఐడీ, శబ్దాలను పోల్చి చూసి ఇది ఫలానావారిదని తేలుస్తుంది. ఒకాయన పెట్టిన పది గంటల వైట్ నాయిస్ వీడియో మీద, అంటే ఉత్త 'స్‌స్‌స్' అనే హోరు మీద, 2018 నాటికి అయిదు క్లెయిమ్‌లు పడ్డాయి. నాకూ ఒకసారి పడింది. ఎవరైనా వాడుకోవచ్చన్న డ్రమ్ లూప్ ఒకటి నేను కొనుక్కుని వాడాను. ఆ లూప్‌నే వాడిన ఇంకొకరు తమ పాటను ముందుగా కంటెంట్ ఐడీ జాబితాలో ఎక్కించారు. దాంతో నా పాట వాళ్ళదైపోయింది. అప్పీల్ చేసి వదిలించుకోవడానికి నెల పట్టింది. ఆ నెలంతా పడ్డ టెన్షన్‌కు ఆ డ్రమ్ముల బదులు బల్ల మీద దరువేసి రికార్డు చేసుకున్నా సరిపోయేది. అప్పటినుంచి అదే చేస్తున్నాను.

త్యాగరాజు చివరి చరణంలో తన పేరు పెట్టుకున్నాడు, దాన్నే ముద్ర అంటారు. ఇప్పటి రికార్డింగులకు వాటిని గుర్తుపట్టడానికి 12 అక్షరాల ఐ.ఎస్.ఆర్.సి. కోడ్ ఉంటుంది. ఎవరైనా ఫైలు ఎత్తుకుపోయి వేరే పేరుతో పెడితే ఆ కోడ్ రాలిపోతుంది. ముద్రను పీకెయ్యాలంటే చరణమే విరిగిపోతుంది. మాటలు లేని సంగీతం చేసేవాళ్ళం ముద్ర ఎక్కడ పెట్టుకుంటామన్నది నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

దాచడం దగ్గర మాత్రం మన అమాయకత్వానికి హద్దు లేదు. ఒకప్పటి సోషల్ నెట్‌వర్క్ మైస్పేస్‌లో 2015కు ముందు దాదాపు పన్నెండేళ్ళపాటు జనం ఎక్కించిన సంగీతం సర్వర్లు మార్చేటప్పుడు పోయింది. ఆ సంగతి 2019 మార్చిలో లోకానికి తెలిసింది. దాదాపు 1.4 కోట్ల మంది కళాకారుల 5 కోట్లకు పైగా పాటలని అంచనా. అంతకుముందు ఒక విద్యా పరిశోధన కోసం ఎవరో దించుకున్న 4,90,000 పాటలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి బతికాయి. నూటికి ఒకటి. బ్యాండ్‌క్యాంప్ 2022లో ఒక కంపెనీ చేతికి, 2023లో ఇంకో కంపెనీ చేతికి మారింది. రెండోసారి సగం మంది ఉద్యోగాలు పోయాయి. ఏమీ పోలేదు కదా అంటారు, పాటలు ఉన్నాయి కదా అని. ఉన్నాయి. అద్దెకున్నవాడికి ఇంటి ఓనర్ మారినప్పుడు ఉండే ధీమా లాంటిదే ఇదీ.

తాళ్ళపాక అన్నమాచార్యుడి సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కించి ఉండబట్టి, తిరుమల ఆలయంలో ఒక అరలో శతాబ్దాలు మూసిపెట్టి ఉన్నా, వేల సంఖ్యలో మనకు దక్కాయి. రేకు మీద రాగం పేరు ఉంది, సాహిత్యం ఉంది. స్వరం లేదు. ఆయన ఏ వరుసలో పాడాడో చాలావాటికి తెలియదు. మనం ఈనాడు వింటున్నవాటిలో చాలా బాణీలు 20వ శతాబ్దంలో రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివాళ్ళు కొత్తగా కట్టినవి. మనది సరిగ్గా దీనికి తలకిందులు. మోగే శబ్దం దాస్తాం, దాన్ని మళ్ళీ కట్టడానికి కావాల్సినది దాచం. ఎంపీ3 ఒక్కటి మిగిలితే దాన్ని వినగలం, అంతే. ప్రాజెక్ట్ ఫైల్ ఉందిలే అనుకుంటే, అందులో వాడిన ప్లగిన్ (సాఫ్ట్‌వేర్‌కు జోడించే వాద్యం లేదా ఎఫెక్ట్) చేసిన కంపెనీ మూతపడిన రోజున అది తెరుచుకోదు.

పోయిన నెల ఎనిమిదేళ్ళనాటి ప్రాజెక్ట్ ఒకటి తెరిచాను. మూడు ప్లగిన్లు లేవని చెప్పి, సగం ట్రాక్‌లు మూగగా పడున్నాయి. పెట్టిన సైట్ కూడా ఇప్పుడు లేదు. డ్రాయర్‌లో వెతికితే చేత్తో రాసుకున్న కాగితం దొరికింది. టెంపో 84, కార్డ్స్ వరుస, వేణువు వచ్చే చోట స్వరాలు, పక్కన "ఇక్కడ నెమ్మదిగా" అని ఒక బాణం గుర్తు. దాన్ని ముందు పెట్టుకుని మళ్ళీ వాయిస్తున్నాను. 84 ఇప్పుడు నా చేతికి వేగంగా ఉంది, 76 దగ్గర కుదురుతోంది. ఆ బాణం గుర్తు దేనికి పెట్టానో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.