గుంటల లెక్కకు ఆటోసమ్ కొట్టకుండ్రి

పాసుబుక్కుల 1.30 అని ఉంటే ఎకరం ముప్పై గుంటలు. నల్లగొండ జిల్లాల బడికి పోయే పిల్లగానికి గూడ తెలుసు. ఎక్సెల్‌కు మాత్రం అది ఒకటి పాయింట్ మూడు. అయినా రైతుల లిస్టు ఒకే కాలమ్‌ల కొట్టి, కింద ఆటోసమ్ నొక్కి, ప్రింట్ తీసి సంతకాలు పెట్టిస్తనే ఉన్నరు.

0.30, 0.35, 0.38 కూడి చూడుండ్రి. ఎక్సెల్ 1.03 అంటది. ఎకరం మూడు గుంటలేమో అనిపిస్తది, అనుమానమే రాదు. అసలైతే 103 గుంటలు, అంటే రెండెకరాల 23 గుంటలు. మనకు 40 గుంటలకు ఎకరమైతే, దానికి నూరు నిండాలె. అట్ల దాటిన ప్రతిసారీ 60 గుంటలు మాయం. మొత్తం 3.73 వస్తే నయం, 73 గుంటలేందని ఎవరన్న అడుగుతరు.

ఇంకోటి. 2.10 కొడితే చివరి సున్నా పోయి 2.1 మిగులుతది. రెండంకెల ఫార్మాట్ పెడితే సున్నా కనబడతది గానీ, ఒక్క గుంటకు 2.1 అని కొట్టిన రైతు పేరు మీద గూడ పది గుంటలు కూసుంటయి.

ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. కాయితం మీద ఆ చుక్క ఎకరాలను, గుంటలను విడదీసే గుర్తు. ఆ సంగతి మన మనసుల ఉన్నది, షీట్‌లకు అంకెలొక్కటే పోయినయ్.

ఎకరాలకొక కాలమ్, గుంటలకొక కాలమ్ పెట్టుండ్రి. గుంటల కాలమ్‌కు డేటా వ్యాలిడేషన్‌ల 40 లోపే తీసుకోమని చెప్పాలె. అర గుంటలుంటయి గాబట్టి దశాంశం ఆపొద్దు, ఇక్కడ 20.5 అంటే నిజంగనే ఇరవైన్నర. మూడో కాలమ్‌ల ఎకరాలను 40తో గుణించి గుంటలు కలుపుండ్రి. మొత్తం తీసేది ఈ కాలమ్‌కే. ఆ మొత్తాన్ని 40తో భాగిస్తే భాగఫలం ఎకరాలు, శేషం గుంటలు.

సర్వే నంబర్ కాలమ్‌ను కొట్టకముందే టెక్స్ట్ చెయ్యాలె. లేకుంటే 12/3 పోయి మార్చి 12 అయితది. తర్వాత టెక్స్ట్‌కు మార్చినా ఐదంకెల సంఖ్యే వస్తది, అది 1900 నుంచి రోజుల లెక్క. సెప్ట్1 అని కొడితే ఎక్సెల్ సెప్టెంబర్ 1 చేస్తది. ఈ బాధకే జన్యువులకు పేర్లు పెట్టేటోళ్లు 2020 నాటికి అసొంటి పేర్లనే మార్చుకున్నరు. మనం సర్వే నంబర్లు మార్చుకోలేం గద!

పాత షీట్లల్ల చుక్క తర్వాత 40, ఆపైన ఉన్నయి ముందుగాల ఫిల్టర్ చెయ్యుండ్రి. 2.50 దొరికితే రెండున్నర ఎకరాలని రాసి ఉండొచ్చు, లేకుంటే రెండెకరాల ఐదు గుంటలకు 2.5 అని కొట్టి ఉండొచ్చు. 2.25 మాత్రం అట్ల దొరకదు. రెండెకరాల 25 గుంటలు కావచ్చు, రెండుంబావు ఎకరాలూ కావచ్చు. నడుమ 15 గుంటల తేడా. దానికి ఏ ఫార్ములా లేదు, పాసుబుక్కు పక్కన పెట్టుకొని ఒక్కొక్కటి చూసుకోవాల్సిందే.