మహారాజశ్రీ ప్లాట్‌ఫారం నంబరు గారి దివ్యసముఖమునకు

లండన్ మహానగరంలో వెలసిన ప్లాట్‌ఫారం నంబరు గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు కూడా క్షేమమని తలుస్తాము అని మొదలుపెట్టాలి. కానీ నిన్న మధ్యాహ్నం నుంచి మా ఆయన కుడి మోకాలు క్షేమంగా లేదు. మీరేమో ఎక్కడున్నారో ఆఖరి నిమిషం దాకా ఎవరికీ చెప్పరు. కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

స్టేషన్ పేరు రాయను, గొడవెందుకు. రైలుకి గంట ముందే చేరుకున్నాం, మనవాళ్ల అలవాటే కదా. పెద్ద బోర్డు మీద మా రైలు ఉంది. బయలుదేరే టైముంది, దారిలో ఆగే ఊళ్లన్నీ పేరుపేరునా ఉన్నాయి, ఎన్ని పెట్టెలో కూడా ఉంది. మీరు ఉండాల్సిన గడి మాత్రం ఖాళీ. ఆ ఖాళీ గడి కింద వందలమంది, కోటు వేసుకున్న ఆఫీసరు దగ్గర్నుంచి చంకలో పిల్లాడున్న తల్లి దాకా, ఉట్టి కొట్టడానికి నిలబడ్డ వాళ్లలా తలలు పైకెత్తి చూస్తున్నారు. కూర్చుందామంటే బెంచీలు దూరం. అక్కడ కూర్చుంటే మీరు కనబడరు. బాత్రూంకి వెళ్లొస్తానంటే మా ఆయన "ఇప్పుడా?" అన్నారు, ఏదో ఆపరేషన్ థియేటర్ బయట ఉన్నట్టు. అమ్మాయి ఫోన్ మీద ఫోన్. "అమ్మా, నంబరొచ్చిందా?" "లేదే." "ఇంకా రాలేదా?" "లేదే తల్లీ."

ఇంకో తొమ్మిది నిమిషాల్లో రైలనగా తమరు దర్శనమిచ్చారు. అంతే, పరుగు! ప్రపంచానికి క్యూ కట్టడం నేర్పిన జాతి ఇదేనా అని నోరెళ్లబెట్టేలోపే నన్ను నాలుగు పెట్టెలు గుద్దుకుంటూ వెళ్లాయి. ఆ చివరెక్కడో వాలుగా దిగే దారి, దాని ముందు గేట్లు, ఆ గేటుకి ఫోన్‌లోని టికెట్ చూపిస్తే ఎర్ర లైటు, మళ్లీ చూపిస్తే మళ్లీ ఎర్ర లైటు. ఎవరో సిబ్బంది వచ్చి తెరిచారు. మోకాలు పట్టేసిన మనిషిని ఒక చేత్తో, 23 కిలోల పెట్టెని ఇంకో చేత్తో లాక్కుంటూ వెళ్లేసరికి తలుపులు మూసేశారు. టైముకి రెండు నిమిషాల ముందే మూసేస్తారట! రైలు కళ్ల ముందే ఉంది. కదల్లేదు. లోపల కూర్చున్నవాళ్లు మావైపు చూస్తున్నారు, తలుపు తెరుచుకోదు. యూనిఫాం వేసుకున్నాయన మాత్రం ఎంతో మర్యాదగా సారీ చెప్పాడు.

ఇంతవరకూ కూడా సహించేదాన్నేమో. నాకు నిద్ర పట్టనిది ఇంకో సంగతి. మేం మెడలు నొప్పి పుట్టేలా చూస్తుంటే, మా పక్కన బ్యాగు తగిలించుకున్న ఒక కుర్రాడు, బోర్డు మీద మీరు పడకముందే, తాపీగా కాఫీ తాగుతూ ఆ చివరికి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. రోజూ తిరిగేవాళ్లు ఫోన్‌లో ఏవో సైట్లు చూసి ముందే నంబరు తెలుసుకుంటారని రాత్రి అమ్మాయి చెప్పింది.

అంటే నువ్వు ముందే ఉన్నావన్నమాట! కంప్యూటర్లో ఉన్నావు, సిబ్బందికి తెలుసు, ఆ కాఫీ కుర్రాడికి తెలుసు. ఊరు కాని ఊళ్లో, భాష అంతంతమాత్రంగా వచ్చిన, మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి మాత్రమే నువ్వు రహస్యం. రైలు శుభ్రం చెయ్యాలి, జనం ముందే ప్లాట్‌ఫారం మీద గుమిగూడితే ప్రమాదం, ఆఖర్లో మారితే ఇబ్బంది అని నీ తరఫువాళ్లు చెప్పే కారణాలన్నీ విన్నాను. ప్లాట్‌ఫారం మీద తోపులాట జరగకూడదని హాల్లో తోపులాట పెట్టారా? ఇదేం తెలివి?

మా దగ్గరేదో గొప్పగా ఉందని కాదు. సికింద్రాబాద్‌లో ఒకటో నంబరని స్థిరపడ్డాక పదో నంబరుకి పొమ్మంటే బ్రిడ్జి ఎక్కుతూ తిట్టుకోని వాళ్లెవరు? కానీ అక్కడ నంబరు మారుస్తారు, దాచరు. "మరికొద్ది సేపట్లో ఒకటవ నంబరు ప్లాట్‌ఫారం పైకి వచ్చును" అని మూడు భాషల్లో చెవులు చిల్లులు పడేలా చెప్తారు. అదీ వినబడకపోతే టీ అబ్బాయిని అడిగితే చెప్తాడు. జర్మనీలో అయితే నిన్ను పసుప్పచ్చ కాగితం మీద అచ్చేసి గోడకి అంటిస్తారు, నెలల ముందే. ఆ రైలు టైముకి వస్తుందా అంటే, అది జర్మనీవాళ్లని అడగాలి.

అన్నట్టు, ఈ దేశంలో స్టాక్‌పోర్ట్, లీడ్స్, కార్డిఫ్ స్టేషన్లలో సున్నా నంబరు ప్లాట్‌ఫారాలు కూడా ఉన్నాయి. సున్నాకైనా సిద్ధమే, చెప్పి చావచ్చుగా! లండన్ మొత్తానికి నంబరు ముందే తెలిసి, ఎప్పుడూ మారని ప్లాట్‌ఫారం ఒక్కటే: కింగ్స్ క్రాస్ స్టేషన్‌లోని తొమ్మిదీ ముప్పావు, అదే, హ్యారీ పోటర్ కథల్లోది. గోడలోకి సగం దూరిన ట్రాలీ పట్టుకుని ఫొటో దిగడానికి జనం బారులు తీరతారు. దానికి రైలు రాదు.

నీ చుట్టాల గురించి ఎక్కువ రాయను. ఒకే రైలుకి ఒకే టికెట్ కొంటే ఒక ధర, అదే ప్రయాణాన్ని రెండు ముక్కలు చేసి రెండు టికెట్లు కొంటే ఒక్కోసారి తక్కువ ధర, ఎందుకో ఆ దేవుడికే తెలియాలి. ఇక కాసేపటికోసారి మైకులో, అనుమానాస్పదంగా ఏదైనా కనిపిస్తే చెప్పండి, మేం చూసుకుంటాం అంటారు. గంటసేపు నాకు కనిపించిన అనుమానాస్పదమైన వస్తువు ఆ ఖాళీ గడి ఒక్కటే.

ముందుగా చవగ్గా కొన్న టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుందట, తర్వాతి రైలుకి మళ్లీ కొన్నాం. ఆ ధరని రూపాయల్లోకి మార్చొద్దమ్మా అని అమ్మాయి బతిమాలింది. మార్చకుండా ఉంటానా?

అసలు కొసమెరుపు విను. మేం ఎక్కలేకపోయిన ఆ రైలు దారిలో ఎక్కడో ఆగిపోయి అరగంట పైనే ఆలస్యంగా చేరింది. అరగంట దాటితే టికెట్ డబ్బుల్లో సగం వెనక్కిస్తారిక్కడ. కాబట్టి ఆ కాఫీ కుర్రాడికి సగం డబ్బులు వాపసు. నేనూ ఆ ఫారం తెరిచాను. ఏ రైల్లో ప్రయాణించారు అని అడిగింది. నీ వల్ల ఎక్కలేకపోయిన రైలుకి అందులో గడి లేదు.

ఇట్లు,
రెండు టికెట్లు కొని ఒక రైలెక్కిన
ఒక తెలుగు ఇల్లాలు